బొట్టు లేని కార్డు

"చెప్పులు బయటనే మేడమ్," అంది రాహేలు. "నన్ను సస్పెండ్ చేసిన్రు గని, రూల్‌ను చెయ్యలే."

సుధామయి చెప్పులు విప్పి కంప్యూటర్ సెంటర్ గుమ్మం పక్కన పెట్టింది. 1998 మే నెల, బుధవారం, ఉదయం పదకొండు దాటింది.

యూనివర్సిటీ సర్వర్ సోమవారం నుంచి పనిచేయడం లేదు. ఆదివారం జరగబోయే పీజీ ఎంట్రన్స్ ప్రశ్నలన్నీ అందులో ఉన్నాయి. డిస్కుల్లోని సమాచారాన్ని ఆపరేటర్ రాహేలు కక్షతో చెరిపేసిందని అభియోగం. నాలుగు గంటలకు డైరెక్టర్ శ్యామలాంబ ఆమెను పోలీసులకు అప్పగించే కాగితం మీద సంతకం చేస్తారు. ఆ లోపు ఒకసారి చూడనివ్వమని ఉద్యోగుల సంఘం అడిగింది. సుధామయిని పిలిపించింది సంఘమే. ఆమె తార్నాకలో ప్రైవేట్ డిటెక్టివ్. అంతకు ముందు ఎనిమిదేళ్లు కంప్యూటర్లు రిపేరు చేసింది.

"శనివారం ఏం జరిగింది?"

"ఏం జరుగుతది? అయిదున్నరకు పని బంద్ చేసిన. మిషన్ నడుస్తనే ఉన్నది. తాళమేసి లాలాపేట్ బస్సెక్కిన."

"అంతకు ముందు డైరెక్టర్‌తో గొడవ పడ్డావట."

"గొడవ కాదు, ప్రమోషన్ అడిగిన. జర గట్టిగ అడిగిన."

"ఎంత గట్టిగా?"

"లైబ్రరీ దాంక ఇనవడ్డదట."

"సోమవారం?"

"తొమ్మిదిన్నరకు తాళం తీసిన. డిస్కులల్ల ఏం లేదని స్క్రీన్ మీద రాసి ఉన్నది. సర్వీస్ కంపెనీకి ఫోన్ చేస్తే ఇంజనీర్ బాబీ వచ్చిండు. ఆయనకు సుత ఏం కనిపించలే. పదకొండుకు గీ పెద్ద సార్ దిగిండు. కంపెనోళ్ల మనిషి. నా తాళాల గుత్తి గుంజుకున్నడు."

"గుంజుకోలేదు. స్వాధీనం చేసుకున్నాను."

వెనుక నుంచి ఆ మాట అన్నది పార్థసారథి. రిటైర్డ్ డీఎస్పీ. ఇప్పుడు సొంతంగా పరిశోధన సంస్థ నడుపుతున్నాడు. తాళాల గుత్తి ఆయన వేలికి వేలాడుతోంది. సర్వర్ గది తలుపు మీద కాగితం అంటించి లక్క వేసి, దాని మీద తనే సంతకం చేసి ఉన్నాడు.

"చూడమ్మా సుధామయీ. నువ్వు పెట్టెలు బాగు చేసిన మనిషివి. నేను ముప్పై రెండేళ్లు దొంగల్ని బాగు చేసిన వాణ్ణి."

"ఎంతమంది బాగుపడ్డారండీ?"

రాహేలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పార్థసారథి జేబులోంచి ఒక ఫోటో తీశాడు.

"నవ్వులు తర్వాత. ఇది సోమవారం మధ్యాహ్నం తీసింది. మూలన తేదీ కూడా పడింది. ఈమె తాళాలు నా చేతికి వచ్చాకే తీశాను, రేపు కోర్టులో ఎవరూ వేలెత్తకుండా. చదువు."

ఫోటోలో సర్వర్ స్క్రీన్. రెండు డిస్కుల వరుసలు, వాటి సైజులు, కింద 'డిస్కుల ఏర్పాటు ఏదీ లేదు' అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం. సుధామయి చూసి తిరిగి ఇచ్చింది.

"తలుపు తీయండి."

పార్థసారథి లక్క పగలగొట్టాడు. గదిలో ఏసీ నడుస్తోంది. సర్వర్ కిటికీ పక్కన బల్ల మీద ఉంది. దాని ముందు భాగంలో డిస్కుల అర. అరకు విడిగా తాళం. సుధామయి ముందు వైపు చూడలేదు. బల్లను గోడ నుంచి జరిపించి, వెనక్కి వెళ్లి కూర్చుంది.

సర్వర్ వెనుక కార్డులు బిగించే స్లాట్లు ఆరు ఉన్నాయి. ప్రతి స్లాట్‌కు వేలెడు వెడల్పున ఒక లోహపు పట్టీ. సుధామయి టార్చి వేసి ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది.

"ఈ బొట్లు ఎవరు పెట్టారు?"

"దసరాకు ఆయుధపూజ చేసిన్రు మేడమ్. ముందల పెడితే డైరెక్టర్ మేడమ్ కోపం జేస్తది. అందుకని ఎనక పెడ్తరు, ఒక్కటి ఇడిచిపెట్టకుండ."

"నువ్వూ పెట్టావా?"

"నేను పెట్టను మేడమ్. కొబ్బరి మాత్రం తింట."

"అయిదింటికి ఉంది. నాలుగోదానికి లేదు."

రాహేలు వంగి చూసింది. పార్థసారథి కూడా వంగాడు.

"దసరా తర్వాత ఈ మిషన్ విప్పారా?"

"లేదు. ఒక్కసారి గూడ ఇప్పలే."

"ఎవరో తుడిచి ఉంటారు," అన్నాడు పార్థసారథి.

సుధామయి చేతిరుమాలు తడిపి పక్క స్లాట్ బొట్టును రుద్దింది. కుంకుమ కొంత వచ్చింది. కింద గంధం మరక అలాగే ఉండిపోయింది.

"ఏడు నెలలు ఎండిన గంధం. తుడిస్తే మరకైనా ఉండాలి. నాలుగోదానికి అదీ లేదు."

మెయిన్ స్విచ్ ఆపింది. ప్లగ్ పీకింది. మూత తీసి, ఒంట్లోని కరెంటు కార్డుకు తగలకుండా ముందు క్యాబినెట్ ఇనుమును చేత్తో తాకింది. నాలుగో స్లాట్‌లోది డిస్కులను నడిపే కంట్రోలర్ కార్డు. కేబుల్ ఎర్ర అంచు ఎటు ఉందో చూసుకుని ఊడదీసింది. స్క్రూ తీసి, కార్డును అంచులతో పట్టుకుని నిటారుగా పైకి లాగింది.

"ఇది ఈ మిషన్ కార్డు కాదు. అదే మోడల్, వేరే చోటిది."

"కాకపోతే?" అన్నాడు పార్థసారథి.

"డిస్కులు ఎన్ని, ఏది దేనితో జత అన్నది ఈ కార్డు గుర్తు పెట్టుకుంటుంది. వేరే పేట పోస్ట్‌మన్‌ను తెచ్చి ఈ వీధిలో దింపారనుకోండి. ఇళ్లుంటాయి, మనుషులుంటారు. అతనికి మాత్రం ఎవరూ తెలియదు. మీ ఫోటోలో ఉన్నది అదే. చెరిపేశారని అందులో ఎక్కడా లేదు."

"అంటే ప్రశ్నలు పోలేదా మేడమ్?" అంది రాహేలు.

"తెలియదు. అసలు కార్డు పెట్టి చూడాలి. అప్పటిదాకా ఎవరూ స్విచ్ వేయొద్దు. పొరపాటున ఈ కార్డు ఆ డిస్కుల మీద ఏమైనా రాస్తే అప్పుడు నిజంగానే పోతాయి."

"ఆ అసలు కార్డు ఈమె ఇంట్లోనే ఉండొచ్చుగా?"

"ఉండొచ్చు. గదికి రెండో తాళంచెవి ఉందా రాహేలూ?"

"కంపెనోళ్ల కాడ ఒకటున్నది. ఆదివారం ఏమన్న అయితే పనికొస్తదని ఇచ్చిన్రు. గది తాళం ఒక్కటే. డిస్కుల అర తాళంచెవి నా గుత్తిలనే ఉంటది."

"అది చాలు," అంది సుధామయి. కార్డును సంచిలో వేసుకుని చెప్పులు తొడుక్కుంది.

"నాలుగింటికి సంతకం," అన్నాడు పార్థసారథి వెనుక నుంచి.

"నాకూ గడియారం ఉందండీ."

*

సర్వీస్ కంపెనీ త్రినేత్ర సిస్టమ్స్ ఆఫీసు తార్నాక చౌరస్తా దగ్గర మొదటి అంతస్తులో ఉంది. బాబీ తన టేబుల్ మీద పెరుగన్నం తింటున్నాడు. సుధామయి కార్డు తీసి టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది. అతను ముద్ద మింగలేదు.

"ఇది మీదేనా?"

"కార్డులన్నీ ఒకేలా ఉంటాయండి."

"ఒకేలా ఉంటాయని నువ్వు అనుకున్నావు. ఆదివారం ఎక్కడున్నావు?"

"ఇంట్లోనేనండి. మ్యాచ్ చూశాను."

"ఎవరు గెలిచారు?"

"మధ్యలో కరెంటు పోయిందండి."

"మర్నాడు పేపర్ కూడా రాలేదా?"

బాబీ పెరుగన్నాన్ని వేళ్లతో కెలికాడు.

"బాబీ, నేను ఈ పనిలో ఎనిమిదేళ్లున్నాను. ఈ కార్డు బజార్లో దొరకదు. ఊళ్లో మీకు పాతిక మంది కస్టమర్లుంటే స్పేర్ ఒకటుంటుంది, అదీ ఎక్కడో బిగించే ఉంటుంది. ఎవరి మిషన్ పడిపోతే, సెలవులో ఉన్న మిషన్ నుంచి పీకి అక్కడ పెడతారు. సెలవు అయ్యేలోపు తెచ్చి పెట్టేస్తారు. యూనివర్సిటీ కార్డు ఎవరికిచ్చావు?"

అతను డబ్బా మూత పెట్టాడు.

"లాలాపేట్‌లో నర్సింగ్ హోమ్‌కండి. ఆదివారం పొద్దున వాళ్ల కార్డు మొరాయించింది. కొత్తది బెంగళూరు నుంచి రావాలి. యూనివర్సిటీకి సెలవు కదా అని మధ్యాహ్నం వెళ్లి అక్కడి కార్డు తీసి నర్సింగ్ హోమ్‌లో పెట్టా. నర్సింగ్ హోమ్ కార్డు యూనివర్సిటీ మిషన్‌లో పెట్టా. వేడెక్కితే ఆగిపోతుంది గానీ కాసేపు నడుస్తుందండి. ఖాళీ స్లాట్ కనపడితే బాగోదని."

"బాగోదని!"

"సోమవారం తెల్లారేసరికి మార్చేద్దామనుకున్నా. కొత్త కార్డు సాయంత్రానికి గానీ రాలేదు. అప్పటికి గదికి సీలు పడిపోయింది. ఆ పోలీసు సారు యూనివర్సిటీ తరఫున కేసు రాసేస్తున్నారు. ఇప్పుడు చెబితే నా ఉద్యోగం పోతుందండి."

"డిస్కులు చెరిపేశారని చెప్పింది నువ్వే కదా?"

"నేను 'కనిపించట్లేదు' అన్నానండి. 'చెరిపేసింది' అని ఆయన రాసుకున్నారు."

"రాసుకుంటుంటే చూస్తూ నిలబడ్డావు."

బాబీ తల వంచుకున్నాడు.

"రాహేలు నీకెప్పుడైనా టీ ఇచ్చిందా?"

"వెళ్లిన ప్రతిసారీ ఇస్తారండి. వాళ్లింటి నుంచి ఫ్లాస్కులో తెస్తారు."

"నాలుగింటికి ఆమెను పోలీసులు తీసుకెళ్తారు. కార్డు ఎక్కడుంది?"

అతను డ్రాయర్ తాళం తీసి, వెండిరంగు కవరు బయటపెట్టాడు. కవరులోని కార్డు పట్టీ మీద కుంకుమ బొట్టు ఉంది. బాబీ దాన్ని మొదటిసారి చూసినట్టు చూశాడు.

"నర్సింగ్ హోమ్ కార్డు ఎలా పాడైంది?" అంది సుధామయి మెట్లు దిగుతూ.

"అదే అర్థం కాలేదండి. శుక్రవారం నేనే చూసొచ్చా. అప్పుడు బాగానే ఉంది."

ఆమె ఒక మెట్టు మీద ఆగింది. తర్వాత దిగి కైనెటిక్ హోండా స్టార్ట్ చేసింది.

బాబీ చూపిన దారిలో ముందు నర్సింగ్ హోమ్‌కు వెళ్లారు. అక్కడి మిషన్‌కు బిగించింది కొత్త కార్డేనని చూసుకున్నారు. శనివారం ఎవరైనా వచ్చారా అని అడిగితే, కంపెనీ నుంచి ఎవరో వచ్చి మిషన్ దుమ్ము దులిపి వెళ్లారని కౌంటర్‌లో చెప్పారు. పేరు అడగలేదన్నారు. శనివారం కంపెనీ ఎవరినీ పంపలేదని బాబీ అన్నాడు. అప్పటికి మూడు దాటింది.

*

క్యాంపస్‌కు తిరిగి వచ్చేసరికి నాలుగుకు పావుగంట తక్కువ. శ్యామలాంబ సర్వర్ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. ఒళ్లో టైపు చేసిన కాగితం. రాహేలు గోడకు ఆనుకుని నిలబడింది.

బాబీ జరిగింది చెప్పాడు. చెప్పేంతసేపూ రాహేలు వైపు చూడలేదు. రాహేలు అతన్నే చూసింది.

"మూడు దినాలు బాబీ," అంది ఆమె. "మూడు దినాలు మా పిల్లలకు అన్నం సయిస్తలేదు."

"సారీ అక్కా."

"గిప్పుడు అక్కనా?"

సుధామయి కార్డు బిగించింది. కేబుల్ ఎర్ర అంచు సరిచూసి తగిలించింది. స్విచ్ వేసింది. స్క్రీన్ మీద ఒక ప్రశ్న వచ్చి ఆగింది.

"ఏమంటోంది?" అన్నారు శ్యామలాంబ.

"ఈ కార్డు రెండు రోజులు నర్సింగ్ హోమ్‌లో ఉంది. దాని మెదడులో ఇప్పుడు అక్కడి డిస్కుల ఏర్పాటు ఉంది. ఇక్కడి డిస్కుల మీద ఇక్కడి ఏర్పాటు రాసి ఉంది. ఎవరి మాట నమ్మాలని అడుగుతోంది."

"పొరపాటున కార్డు మాట నమ్మితే?"

"ఆయన రాసుకున్నది నిజమైపోతుంది," అంది పార్థసారథి వైపు చూపిస్తూ.

డిస్కుల మాటే తీసుకోమని ఎంచుకుంది. వేలు కీ మీద పెట్టి, చదివింది మళ్లీ ఒకసారి చదివింది. నొక్కింది. కొద్ది క్షణాల తర్వాత సిస్టమ్ లేచింది. రాహేలు ముందుకు వచ్చి తన పాస్‌వర్డ్ కొట్టింది. ఎంట్రన్స్ ప్రశ్నల ఫైళ్లన్నీ వరుసగా స్క్రీన్ మీదికి వచ్చాయి.

"స్తోత్రం," అంది రాహేలు. కళ్లు తుడుచుకోలేదు.

అప్పుడే సర్వర్ లోపలి నుంచి కూత మొదలైంది. ఆగి ఆగి, ఒకే స్వరంలో.

"ఇదేంటి?" అన్నాడు పార్థసారథి.

సుధామయి బాబీ వైపు చూసింది. బాబీ రెండు చేతులూ ఎత్తాడు. "నేను డిస్కులు ముట్టుకోలేదండి. ఆ అర తాళంచెవి నా దగ్గర లేదు."

ఆమె కార్డు సమాచారం తెర మీదికి తెచ్చింది. "ఇందులో రెండు డిస్కులు. ఒకదాని మీద రాసిందంతా రెండోదాని మీదా రాసుకుంటూ పోతుంది. ఒకటి పోయినా రెండోదానితో పని సాగుతుంది, కార్డు మాత్రం ఇలా కూస్తుంది. మొదటి డిస్కు బాగానే ఉంది. రెండోది దీని జత కాదు. ఎవరో మార్చారు."

"మారిస్తే ఇప్పటి దాకా ఎందుకు కూయలేదు?" అన్నాడు పార్థసారథి.

"నర్సింగ్ హోమ్ కార్డుకు ఈ డిస్కులు ఎవరో తెలియదు. తెలియని వాళ్లలో ఒకరు మారితే ఎందుకు అరుస్తుంది?"

"పోయిన డిస్కులో ఏముంది?" శ్యామలాంబ గొంతు తగ్గింది.

"దీనిలో ఉన్నదంతా. ప్రశ్నలన్నీ."

పార్థసారథి నిటారుగా నిలబడ్డాడు. "డిస్కుల అర తాళంచెవి ఎవరి గుత్తిలో ఉంటుంది? ఇందాక ఈమే చెప్పింది. చెరపలేదు సరే. ఎత్తుకెళ్లింది! మేడమ్, కాగితంలో ఒక్క మాట మార్చి సంతకం చేయండి."

రాహేలు మళ్లీ గోడ దగ్గరికి వెళ్లిపోయింది. శ్యామలాంబ కలం మూత తీయలేదు. కాగితం వైపే చూస్తున్నారు.

"మీ ఫోటో ఇవ్వండి," అంది సుధామయి.

"దేనికి?"

"కోర్టులో వేలెత్తకుండా తీశారు కదా. నేను ఇక్కడే ఎత్తుతాను."

ఫోటోను స్క్రీన్ పక్కన పెట్టింది. "సైజులు చదవండి. ఫోటోలోవి."

"నాలుగు పాయింట్ మూడు. నాలుగు పాయింట్ మూడు."

"ఇప్పుడు స్క్రీన్ మీద?"

పార్థసారథి కళ్లజోడు సర్దుకున్నాడు. "నాలుగు పాయింట్ మూడు. రెండు పాయింట్..." ఆగిపోయాడు.

"సోమవారం మధ్యాహ్నం మీరు ఫోటో తీసినప్పుడు రెండు డిస్కులూ ఇక్కడే ఉన్నాయి. అప్పటికే తాళాలు మీ చేతిలో ఉన్నాయి. మీ చేతికి వచ్చాకే తీశానని మీరే అన్నారు. ఆ తర్వాత గది ఎవరికి తెరిచారు?"

కూత వినిపిస్తూనే ఉంది. పార్థసారథి శ్యామలాంబ వైపు చూశాడు.

"నేనే అడిగాను," అన్నారు ఆమె. "నిన్న సాయంత్రం. ఆయన వరండాలో నిలబడ్డారు. డిస్కు తీసింది నేనే."

ఒళ్లోని కాగితాన్ని ఆమె రెండుగా మడిచారు.

"పోయిన సమాచారం వెనక్కి తెచ్చే నిపుణుణ్ణని ఒకాయన ఫోన్ చేశాడు. ఒక డిస్కు ఇస్తే ప్రయత్నిస్తానన్నాడు. అరలో ఖాళీ కనపడకుండా పాత మిషన్‌లోది ఒకటి పెట్టమన్నాడు. బయటికి తెలిస్తే పరీక్ష రద్దవుతుందన్నాడు. నలభై వేల మంది రాసే పరీక్ష! నేను లెక్కలు చెప్పే మనిషిని, సుధామయి గారూ. ఒక డిస్కంటే సగం సమాచారమే అనుకున్నాను. ఈ ఉదయం గేటు దగ్గరికి మనిషిని పంపితే ఇచ్చేశాను."

"మొదట ఎప్పుడు ఫోన్ చేశాడు?"

"సోమవారం తొమ్మిదింటికి. ఇంట్లోనే ఉన్నాను. మీ సర్వర్ పడిపోయిందట కదా అన్నాడు."

"నేను తాళం తీసిందే తొమ్మిదిన్నరకు!" అంది రాహేలు.

"అవును," అంది సుధామయి. "శనివారం నర్సింగ్ హోమ్ కార్డు పాడుచేసిన వాడికి, ఆదివారం బాబీ ఎక్కడికి పరిగెత్తుతాడో తెలుసు. వాడికి కావాల్సింది ఒక్కటే. బాబీ ఆ కార్డును వెనక్కి పెట్టకుండా గది మూసి ఉండాలి. అప్పుడే అంతా పోయిందని నమ్మి మేడమ్ డిస్కు ఇస్తారు." ఆమె ఆగింది. "గది మూసింది మీరు, పార్థసారథి గారూ. మీకు ఫోన్ ఎప్పుడొచ్చింది?"

ఆయన కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"తొమ్మిది దాటాక. యూనివర్సిటీ తరఫున మాట్లాడుతున్నానన్నాడు. లోపలి వాళ్ల పనే, గది సీలు చేయండి, రిపోర్టు నాకు మాత్రమే చెప్పండి అన్నాడు."

"యూనివర్సిటీ మిమ్మల్ని పిలవలేదు," అన్నారు శ్యామలాంబ. "మీరు కంపెనీ మనిషి అనుకున్నాం."

"మా కంపెనీ కూడా పిలవలేదండి," అన్నాడు బాబీ.

పార్థసారథి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. "రోజూ నాలుగున్నరకు ఇక్కడి ఫోన్‌కే చేస్తాడు. రిపోర్టు కోసం."

గోడ గడియారంలో నాలుగూ ఇరవై ఎనిమిది. సుధామయి సర్వర్ కూత ఆపింది. గదిలో ఏసీ చప్పుడు మిగిలింది.

"డిస్కు ఇంకా ఎవరికీ అమ్మి ఉండడు. ముందు ఇక్కడ అంతా సద్దుమణిగిందో లేదో చూసుకుంటాడు. ఫోన్ మీరే ఎత్తండి. ఈమెను పోలీసులకు అప్పగించామని, కేసు ముగిసిందని చెప్పండి. మీ బిల్లు ఎక్కడ ఇవ్వాలో అడగండి. వాడు ఎక్కడికో ఒక చోటికి రమ్మనాలి."

పార్థసారథి రాహేలు వైపు చూడలేకపోయాడు. "ఆ మాట నా నోటితో మళ్లీ..."

గుమ్మం దగ్గరి ఫోన్ మోగింది.

రాహేలు రిసీవర్ తీసి, మాట్లాడే చోట అరచెయ్యి మూసి, ఆయన ముందుకు చాపింది.

"చెప్పుండ్రి సార్," అంది. "మూడు దినాల సంది అంటనే ఉన్నరు గద. గీ ఒక్కసారి జర గట్టిగ అనుండ్రి."